పీహెచ్ సీసా పక్కన పెట్టి ముందు అమ్మోనియా చూడు

నానీ,

నువ్వు పంపిన ఫోటోలో చేపల ట్యాంకు కన్నా ముందు దాని పక్కనున్న పీహెచ్ డౌన్ సీసా కనబడింది నాకు. దాన్ని పాపకి అందని చోట పెట్టెయ్, నీకు దాంతో పనిలేదు. మీ మధురవాడ ఫ్లాట్‌లో బోరు నీళ్ల పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లం వైపున్నాయా క్షారం వైపున్నాయా చెప్పే అంకె, 8 చూపిస్తోందని, ఎవరో 7 ఉండాలన్నారని టెన్షన్ పడుతున్నావు. గప్పీలు, మోలీలు, గోల్డ్ ఫిష్ 8లో హాయిగా బతుకుతాయి. పొద్దున 8, సాయంత్రం 6.5, మర్నాడు మళ్లీ 8 అయితేనే వాటి ప్రాణం మీదకొస్తుంది.

సీసాలో ఉండేది యాసిడ్. అది పోయగానే నీళ్లలోని బైకార్బొనేటు కార్బన్ డయాక్సైడ్‌గా మారి పీహెచ్ దిగుతుంది, తెల్లారేసరికి ఆ గ్యాసు పైకి పోతుంది, పీహెచ్ మళ్లీ ఎక్కుతుంది, నువ్వు మళ్లీ పోస్తావు. పోయగా పోయగా బైకార్బొనేటు అయిపోయిన రోజు పీహెచ్‌ని పట్టి ఆపేదేమీ ఉండదు. టెస్ట్ కిట్‌లో కేహెచ్ అని చూపించేది దీన్నే, పీహెచ్ కన్నా నేను ఎక్కువ చూసేది కూడా దీన్నే. బాత్రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు చాలని ఎవరైనా చెప్తే ఆ మాట అక్కడే వదిలెయ్. డిస్కస్‌లాంటి, ఉప్పులు తక్కువుండే మెత్తని నీళ్లు కావాల్సిన చేపలు పెంచాలంటే బోరు నీళ్లలో ఆర్వో నీళ్లు కలుపుకుంటూ కొన్ని వారాల్లో మెల్లగా మార్చాలి. అలాగని మొత్తం వాటర్ టిన్నులే పోసేయకు, వాటిలో కేహెచ్ దాదాపు ఉండదు.

ఇంకోటి, బోరు నీళ్లు పట్టగానే కొలిస్తే పీహెచ్ తప్పు చూపిస్తుంది. భూమిలోంచి వచ్చినప్పుడు వాటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటుంది కాబట్టి బకెట్లో ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టి 24 గంటలు ఉంచి అప్పుడు చూడు.

అసలు కొత్త ట్యాంకుల్లో చేపల్ని చంపేది అమ్మోనియా. చేప విడిచేది, తినకుండా మిగిలిన మేత, అంతా అమ్మోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తే ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలే, మూడోది మోతాదులో ఉంటే పర్లేదు, 40 పీపీఎం (లీటరుకి 40 మిల్లీగ్రాములు) దాటనివ్వకు. ఆ బాక్టీరియా సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపువాడు అంతవరకు ఆగమని చెప్పడు, చేపలు చస్తే మళ్లీ కొంటావు కదా! ఆ బాక్టీరియా పట్టిన నా ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటిస్తాను, పాలకి తోడు వేసినట్టు నీ ఫిల్టర్‌లో వేసుకో, త్వరగా అందుకుంటుంది. దాన్ని కుళాయి కింద మాత్రం కడగకు, కార్పొరేషన్ నీళ్లలో క్లోరిన్ బాక్టీరియాని చంపేస్తుంది. ఆ నీళ్లు ట్యాంకులో పోయాల్సొస్తే ముందు యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్.

పీహెచ్‌కీ అమ్మోనియాకీ ఒక లింకుంది, అందరూ దెబ్బతినేది అక్కడే. మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8 దగ్గర ఐదారు వంతులవుతుంది, ఎండ ముదిరితే ఇంకాస్త. ఇప్పుడు నెలల తరబడి పట్టించుకోని ట్యాంకు సంగతి చూడు. కేహెచ్ తరిగిపోయి పీహెచ్ 6 కిందికి వస్తుంది, బాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది, ఆ పీహెచ్‌లో అది విషం కాదు కాబట్టి చేపలు బానే తిరుగుతుంటాయి. ఒక ఆదివారం ఇంటాయనకి ఉత్సాహం వచ్చి సగం నీళ్లు తీసి 8 ఉన్న బోరు నీళ్లు పోస్తాడు. పీహెచ్ ఎక్కి ఆ పేరుకున్న అమ్మోనియా విషమవుతుంది, సాయంత్రానికి చేపలన్నీ చచ్చి తేలతాయి, నీళ్లు మార్చడమే తప్పయిందనుకుంటాడు. అలాంటి ట్యాంకు ఎదురైతే ముందు టెస్ట్ చెయ్, తర్వాత రోజుకి పదో వంతు మించి మార్చకు. నువ్వు మొదట్నుంచీ వారానికోసారి నాలుగో వంతు మారుస్తుంటే ఆ గొడవే రాదు. మన వైజాగ్ ఎండలకి తగ్గిన నీళ్లు నింపడం మార్చడం కిందికి రాదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులన్నీ లోపలే ఉంటాయి.

పాప ఆర్కే బీచ్‌లో ఏరిన గవ్వలు, చిప్పలు ట్యాంకులో వేస్తానంటే వద్దను. అవి సున్నమే, మెల్లగా కరిగి పీహెచ్ పెంచుతాయి. రాయి మీద అనుమానముంటే నిమ్మరసం పిండి చూడు, బుడగలొస్తే అది కూడా వద్దు.

కరెంటు సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ అప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందిగా. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకో. కరెంటు లేనప్పుడు మేత ఆపెయ్, చేపలు నాలుగు రోజులు పస్తుంటాయి. చాలాసేపు ఆగిన ఫిల్టర్‌ని కడక్కుండా ఆన్ చేయకు, లోపల కుళ్లిందంతా ట్యాంకులోకి కొడుతుంది. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసెయ్. నీళ్లు తీసే పైపుని నోటితో పీల్చొద్దు, చేతికి గాయముంటే గ్లౌజు వేసుకో.

టెస్ట్ కిట్ కొనేటప్పుడు అమ్మోనియా, నైట్రైట్, కేహెచ్ మూడూ ఉన్నాయో లేదో చూడు, స్ట్రిప్పుల కన్నా చుక్కల కిట్ నయం. స్పాంజి కోసం వచ్చేటప్పుడు మీ ట్యాంకు నీళ్లు ఒక డబ్బాలో పట్టుకురా, దాంట్లోనే వేసిస్తాను.

మీ పెద్దమ్మ