మాటలు రాని ప్రార్థన: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లి ఎనిమిది నెలలైంది. మోకరిస్తే మాట రాదు. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనబడతాయి గానీ లోపలికి దిగవు. సంఘంలో అందరూ సాక్ష్యాలు చెబుతుంటే తల దించుకుని కూర్చుంటున్నాను. నా విశ్వాసం పోయిందా? - ఒక సోదరి

జవాబు: పోలేదమ్మా. దేవుడితో మాట్లాడలేకపోతున్నానని ఇంత బాధపడుతున్నారంటే ఆయన మీకు ఇంకా కావాలి. సొంత మాటలు రానప్పుడు అరువు మాటలు తీసుకోవచ్చు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. మన ఆరాధనల్లో స్తుతి కీర్తనలే ఎక్కువ చదువుతాం కాబట్టి చాలామందికి ఈ సంగతి తెలియదు.

13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో దావీదు "ఎంతవరకు?" అని హీబ్రూ మూలంలో నాలుగుసార్లు అడుగుతాడు. 3, 4 వచనాల్లో తనకు కావలసింది అడుగుతాడు. నమ్మిక మాట 5, 6 వచనాలకు గానీ రాదు. ఆ వరసనే మీ ప్రార్థనకు అచ్చుగా పెట్టుకోండి. ఒక నోటుపుస్తకం తీసుకుని, రోజూ ఒకే వేళకు, పది నిమిషాలు మించకుండా రాయండి. ముందు కీర్తనను పైకి వినబడేలా ఒకసారి చదవండి. తర్వాత "ఎంతవరకు" అని మొదలుపెట్టి మీ వాక్యాలు రెండు మూడు రాయండి. "చాలా కష్టంగా ఉంది ప్రభువా" అని సరిపెట్టకండి. "రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, చెయ్యి చాపితే పక్క ఖాళీ" అని ఉన్నదున్నట్టు రాయండి. ఆ తర్వాత ఈ ఒక్క రోజుకు కావలసింది ఒకటే అడగండి: నిద్ర కావచ్చు, బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టే ధైర్యం కావచ్చు. చివర నమ్మిక మాటకు రెండు గీతలు వదలండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దేవుణ్ణి నిలదీయకూడదన్న భయంతో ఒకటో వచనం దాటేసి నేరుగా ఐదో వచనానికి దూకుతారు. చెప్పని బాధ లోపలే ఉండిపోతుంది, పెదవుల మీది స్తుతి బరువవుతుంది. ఆ రెండు గీతలూ నిండకపోతే ఖాళీగానే వదిలేయండి. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ముగుస్తుంది. అయినా అది మొదటి నుంచి చివరిదాకా దేవుడి వైపు తిరిగి చెప్పిన మాటే. సంఘం దాన్ని తీసేయలేదు, దిద్దలేదు. మీ ఖాళీ గీతలూ ఆయన ముందు పెట్టదగినవే. పెన్ను కూడా కదలని రోజున ఊరికే కూర్చోండి. ఉచ్చరింప శక్యంకాని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెబుతోంది.

ప్రశ్న: "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్న వచనం కంఠస్థం చేశాను. అయినా రాత్రి పడుకోగానే అప్పులు గుర్తొచ్చి గుండె దడదడలాడుతుంది. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: ఆ వచనాన్ని మందలింపులా వినడంలో తప్పుతున్నారు, తమ్ముడూ. ఫిలిప్పీ 4:6కు ముందున్న మాట "ప్రభువు సమీపముగా ఉన్నాడు" అని. చింత మానమనడానికి ఆధారం అదే. రాసింది కూడా సంకెళ్లలో ఉన్న పౌలు. ఏడో వచనంలో దేవుని సమాధానం మీ హృదయాలకు, తలంపులకు "కావలియుండును" అన్నాడు. గ్రీకులో అది సైనికులు కాపలా కాయడానికి వాడే మాట. కావలి ఉందంటే బయట అలికిడి కూడా ఉందనే అర్థం. దడ వచ్చినంత మాత్రాన సమాధానం లేదనుకోకండి.

"విన్నపములు తెలియజేయుడి" అన్నదాన్ని పడక మీద కాకుండా సాయంత్రమే చేయండి. కాగితం మీద గీత గీసి, ఒకవైపు రేపు నేను చేయగలిగింది (ఎవరికి ఫోన్, ఎంత కట్టాలి), రెండోవైపు నా చేతిలో లేనిది రాయండి. రెండోవైపు ఉన్నవి ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పి, కాగితం మడిచి బైబిల్‌లో పెట్టేయండి. రాత్రి మెలకువ వస్తే లెక్కలు మళ్లీ తిరగేయకండి. ఊపిరి తీస్తూ నాలుగు అంకెల సేపు "యెహోవా నా కాపరి" అని, వదులుతూ ఆరు అంకెల సేపు "నాకు లేమి కలుగదు" అని మనసులో అనుకోండి. పదిసార్లు చాలు. వదిలే ఊపిరి నిదానంగా ఉంటే దడ తగ్గుతుంది. తల తిరిగితే మరీ లోతుగా పీలుస్తున్నారన్నమాట, మామూలుగా తీసుకోండి.

ప్రశ్న: ఉద్యోగం పోయింది. "దాచిన పాపం ఏదో ఉంది, ఒప్పుకో" అంటున్నారు విశ్వాసులు.

జవాబు: పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు ఇదే అడిగితే, వీడైనా వీడి కన్నవారైనా పాపం చేయలేదన్నాడు యేసు (యోహాను 9:3). అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్నారు, అది మంచి పని. నోరు తెరిచాకే చెడింది, చివరికి దేవుడి కోపం వాళ్ల మీదే రగిలింది. పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. మీ మనస్సాక్షి ఫలానా తప్పు అని చూపిస్తే ఒప్పుకోండి. ఏమీ చూపించకపోతే తవ్వకండి. వాళ్లతో ఇంతే అనండి: "నా కోసం ప్రార్థించండి, కారణం మాత్రం వెతకకండి."

ప్రశ్న: మా చెల్లికి డిప్రెషన్ అని డాక్టర్ మందులు రాశారు. ప్రార్థన కూటంలో మందులు మానేసి మూడు రోజులు ఉపవాసం చేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మందులు మాననివ్వకండి. డిప్రెషన్ మందులు పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. చాలామంది అప్పుడు దాన్ని విశ్వాసలోపంగా పొరబడతారు. లిథియం అనే మానసిక జబ్బుల మందు వాడేవాళ్లు నీళ్లు కూడా మానేసి ఉపవాసముంటే రక్తంలో ఆ మందు పాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఉపవాసం ఉండాలనే ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. లేదా అన్నం బదులు ఫోన్ మానేసి ఆ సమయాన్ని ప్రార్థనకు ఇవ్వవచ్చు, అదీ ఉపవాసమే.

1 రాజులు 19 ఆమెతో కలిసి చదవండి. ఏలీయా ప్రవక్త చెట్టుకింద కూర్చుని ప్రాణం తీసేయమని అడిగాడు. దూత అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. దేవుడి మెల్లని స్వరం ఆ తర్వాతే.

ఆమె నోట చచ్చిపోవాలన్న మాట వస్తే అది ఏలీయా మాట లాంటిదేనని ఊరుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి, మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో ప్రార్థించండి.