‘పిట్టలదొర’ అని పేరు పెట్టుకుంటే తప్పా?

సందేహం: పాకాల, వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్ దిక్కు తిరిగి పిట్టల ఫొటోలు తీసేటోళ్లం కొందరం ఆన్‌లైన్‌ల ఒక బృందంగ ఉన్నం. అండ్ల నా పేరు ‘పిట్టలదొర’. పిట్టలంటే పానం గనుక పెట్టుకున్న. మొన్న ఎన్నడూ రాని కొంగ ఒకటి కనబడ్డదని రాస్తే ‘పేరే చెప్తున్నది గద’ అని నవ్విన్రు. ఈ పేరుల తప్పేమున్నది? ఇంగ్లిష్ అక్షరాలల్ల ఎట్ల రాయాలె, కలిపి రాయాల్నా, నడుమ గీత పెట్టాల్నా? యూజర్‌నేమ్‌ను తెలుగుల ఏమనాలె? ఇంకొకటి: మాలో ‘గిజిగాడు’ అని ఒకరున్నరు. ఆడో మగో తెల్వదు. వారి గురించి రాసేటప్పుడు ‘చెప్పిండు’ అనాల్నా, ‘చెప్పింది’ అనాల్నా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: వ్యాకరణం వైపు నుంచి మీ పేరుకు వంక లేదు. పిట్టల యొక్క దొర పిట్టలదొర, షష్ఠీ తత్పురుషం. చిక్కు వచ్చింది రూఢి వల్ల. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటినిండా కోతలు. ఊళ్లోకి వచ్చి లేని భూములు, లేని భవంతులు ఏకరువు పెట్టి, నవ్వించి, ఇచ్చింది పుచ్చుకుని పోయే జానపద కళాకారుడికి తెలంగాణలో పిట్టలదొర అని పేరు. కొన్నిచోట్ల తుపాకిరాముడు, లత్కోరుసాబు అన్నా ఆయనే. విడివిడి పదాలు ఇచ్చే అర్థం ఒకటి, జనం నోట స్థిరపడ్డ అర్థం ఇంకొకటి అయినప్పుడు వినేవారి చెవి రెండోదాని వైపే పోతుంది. పంకజం అంటే తామరే గుర్తొస్తుంది. అదే బురదలో పుట్టిన కప్ప ఎవరికీ గుర్తు రాదు.

పిట్టలను కొట్టే దొర అని ఒక విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. పిట్టలకు తప్ప ఇంకెవరికీ దొర కానివాడు అని మరొకటి. దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతపట్టుకుని నడిచిన ఊళ్లలో రెండోదానికే పదునెక్కువ. ఆ వెక్కిరింత తెలిసి పెట్టుకుంటే పేరు బ్రహ్మాండంగా ఉంది, మార్చనక్కరలేదు. కాకపోతే అరుదైన పిట్ట కనబడిందని ఉత్త మాటగా రాయకండి. ఫొటో, తేదీ, చోటు మూడూ జతచేయండి. ఆ పేరుతో మాట మీద నమ్మకం పుట్టించడం కష్టం.

దీన్నే ‘లత్కోరు’ అని మార్చుకుంటే మాత్రం మీ ఇష్టం. హిందుస్తానీలో లాత్ అంటే తన్ను, ఖోర్ అంటే తినేవాడు. మన దగ్గర అది ఇప్పటికీ తిట్టే. ‘పిట్టలోడు’ అని కుదించడం ఇంకా బాగుండదు. పిట్టలు పట్టి అమ్ముకుని బతికినవాళ్లను ‘పిట్టలోళ్లు’ అని పిలవడం మన జిల్లాల్లో ఉంది. సరదా పేరు కోసం ఒక వర్గం పేరును అరువు తెచ్చుకోవద్దు. వేరే పేరు కావాలంటే ‘పిట్టలసోపతి’ చూడండి. ఉర్దూ సొహబత్ మన నోట సోపతి అయింది, స్నేహమనీ స్నేహితుడనీ రెండర్థాలూ వస్తాయి, ఆడవారికీ మగవారికీ చెల్లుతుంది.

యూజర్‌నేమ్‌కు తెలుగు వికీపీడియాలో ‘వాడుకరి పేరు’ అని వాడుతున్నారు. నేర్పు కలవాడు నేర్పరి, కల్లలాడేవాడు కల్లరి అయినట్టే వాడుక మీద ‘అరి’ చేరి వాడుకరి అయింది. చక్కని మాట. బృందంలో అందరూ ‘ఐడీ’ అంటుంటే ఐడీ అనండి, నష్టం లేదు. కలంపేరు, తఖల్లుస్ మాత్రం దీనికి సరిపోవు. అవి రాసినదాని కింద చేసే సంతకాలు, ఇది లోపలికి పోయే తలుపు పేరు.

ఇక ఇంగ్లిష్ అక్షరాల సంగతి. అసలు గొడవంతా ఇక్కడే. ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, టెలిగ్రామ్ మూడింటిలోనూ వాడుకరి పేరును తెలుగు లిపిలో పెట్టనివ్వరు. పైన కనబడే పేరును తెలుగులో రాసుకోవచ్చు. మీ పేరుకు రోమన్ లిపిలో 11 అక్షరాలు పడతాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో 30 దాకా, టెలిగ్రామ్‌లో 5 నుంచి 32 దాకా చోటుంది. ఎక్స్‌లో 15తో సరి. ముందు ‘పాకాల’ చేర్చారంటే 17 అవుతాయి, ఎక్స్‌లో పట్టదు. పిట్టలసోపతిని టీ పక్కన హెచ్ పెట్టి రాసినా 14తో తేలిపోతుంది.

ట, త రెండూ టీ లోనే దూరాలి. మనవాళ్లు తకారానికి హెచ్ తగిలిస్తారు కనుక హెచ్ లేని టీ కనబడితే ట అని చదువుతారు. హిందీ అలవాటున్నవారు అదే జంట టీని ‘త్త’ అని పలుకుతారు. అప్పుడు మీరు పిత్తలదొర అవుతారు. సంస్కృతంలో పిత్తలం ఇత్తడి కాబట్టి ఇత్తడిదొర అని సర్దుకోవచ్చు గానీ, తెలుగులో ఆ ధాతువు అర్థం నేను రాయనక్కరలేదు. పెద్ద టీ రాస్తే ట, చిన్న టీ రాస్తే త అనే లిప్యంతరీకరణ పద్ధతి ఉంది, ఇక్కడ పనికిరాదు. ఇన్‌స్టాగ్రామ్ అన్నిటినీ చిన్నక్షరాలు చేసేస్తుంది. హ్రస్వ దీర్ఘాల తేడా కూడా పోతుంది కనుక దొరను డోరా అని చదివే పిల్లలుంటారు. దీనికి పూర్తి మందు లేదు. పైన కనబడే పేరును తెలుగు లిపిలో పెట్టుకోవడమే దారి.

తెలుగులో సమాసం ఒకే మాట, కలిపే రాయండి. రోమన్‌లో మాత్రం పిట్టలకూ దొరకూ మధ్య అండర్‌స్కోర్ పెడితే చదవడం తేలిక. గీత పడాల్సింది పదాలు అతుక్కున్న చోటే. సంధి జరిగి రెండు పదాలూ కరిగిపోయిన పేర్లలో అతుకే ఉండదు. ‘ఓరుగల్లోడు’ అలాంటిది: ఓరుగల్లు చివరి ఉకారమూ, వాడు మొదటి వకారమూ పోయాయి, గీత ఎక్కడ పెట్టినా ముక్క విరుగుతుంది. మొదటి పదం రూపం కూడా చూసుకోవాలి. గూడులో ఉండే పిట్ట ‘గూటిపిట్ట’, ‘గూడుపిట్ట’ కాదు; ఒకే గూటి పక్షులు అంటాం కదా. చెరువుకు ఈ మార్పు లేదు, ‘చెరువుపిట్ట’ అనవచ్చు. ఏరు అయితే ‘ఏటిపిట్ట’. ‘పిట్టేంద్ర’ లాంటివి తెలుగు మాటకు సంస్కృత గుణసంధి తొడిగినవి. పండితులు ఒప్పరు. నవ్వు కోసం పెట్టుకున్న పేరును పండితులు ఒప్పనక్కరా అంటే, అక్కరలేదు.

తెలుగు లిపిలో పేరు పెట్టనిచ్చే చోట ఇంకో సంగతి ఉంది. పిట్టలదొర మన కంటికి 5 అక్షరాలు, యంత్రానికి 9: ప, గుడి, ట, పొల్లు, ట, ల, ద, ఒత్వం, ర. పేరు పొడవైందని అది మొరాయిస్తే కారణం ఇదే. ‘బర్డ్‌వాచర్’ వంటి పేర్లతో వేరే ఇబ్బంది. అందులో డ్ తర్వాతి వ కింద ఒత్తుగా పడకుండా ఆపేది కంటికి కనబడని ఒక గుర్తు. కొన్ని చోట్ల యంత్రం దాన్ని తీసేస్తుంది, అప్పుడు ‘బర్డ్వాచర్’ మిగులుతుంది. తీసేయకపోయినా, ఆ గుర్తు కొట్టకుండా వెతికేవారికి మీరు దొరకరు. నడుమ ప్రతి పదమూ అచ్చుతో ముగిసేలా చూసుకుంటే ఈ బాధ ఉండదు. తెలుగు అజంత భాష కనుక అచ్చతెలుగు పేర్లలో ఈ తంటా దాదాపు రాదు. బుడుబుంగ, నామాలకోడి, జెముడుకాకి, లకుముకి... మీ బృందానికి పేర్ల కరువేమిటి?

గిజిగాడు విషయానికొస్తే, అందులోని ‘గాడు’ మగతనాన్నీ చెప్పదు, చులకననూ చెప్పదు. అది ఆ పిట్ట పేరులోనే ఉంది, ఆ పిట్టల్లో ఆడదీ గిజిగాడే. మనిషి ఎవరో తెలియనప్పుడు ‘చెప్పిండు’, ‘చెప్పింది’ రెండూ వదిలి ‘చెప్పిన్రు’ అనండి. పుస్తక భాషలో ‘చెప్పారు’. ‘గిజిగాడు గారు’ అంటే గాడు పక్కన గారు చేరి నవ్వొస్తుంది, తప్పు మాత్రం కాదు. ‘సారు’ అంటే మళ్లీ మగవారవుతారు. విభక్తి చేర్చేటప్పుడు మన పలుకుబడి ప్రకారం ‘గిజిగాని ఫొటో’, కోస్తావారి పలుకుబడిలో ‘గిజిగాడి ఫొటో’. ‘గిజిగాడు ఫొటో’ అని రాస్తే అది వారు తీసిన ఫొటోనా, ఆ పిట్ట ఫొటోనా తేలదు. మీ బృందంలో రెండూ ఉంటాయి కనుక అక్కడ ‘గిజిగాడు తీసిన ఫొటో’ అని విడమరచి రాయండి.