రెండు జీతాలు వస్తున్నా డబ్బు భయం వదలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 39. నేనూ మావారూ మంచి హోదాల్లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఒకరి జీతంతోనే ఇల్లు గడిచిపోతుంది. ఇంటి అప్పు రెండేళ్ల కిందటే తీర్చేశాం. అయినా ఏడాదిగా డబ్బు గురించి ఒకటే టెన్షన్. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఫోన్‌లో ఖాతాలు, ఫండ్స్ విలువ చూసుకుంటాను. చూశాక పది నిమిషాలు బాగుంటుంది, మళ్లీ మామూలే. మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నాను. మావారేమో లెక్కల మాటెత్తితే లేచి వెళ్లిపోతారు. ఈమధ్య నాకు చెప్పకుండా ఖరీదైన కెమెరా కొన్నారని తెలిసి పెద్ద గొడవైంది. స్నేహితులకు చెప్పుకుంటే ‘నీకూ డబ్బు కష్టాలేనా’ అని నవ్వారు. నాకు నిజంగా జబ్బుందా? ఇంకాస్త సంపాదిస్తే ఇది తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఇంకాస్త సంపాదించినంత మాత్రాన ఈ భయం తగ్గుతుందని నాకు అనిపించడం లేదు. ఇలాంటి బాధతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మనసులో ఒక అంకె ఉంటుంది. అంత కూడబెడితే ఇక నిశ్చింత అనుకుంటారు. తీరా అక్కడికి చేరేసరికి ఆ అంకె ఇంకో మెట్టు పైకెక్కి కూర్చుంటుంది. మీ ఉత్తరంలోని తేదీలే చూడండి. అప్పు తీరింది రెండేళ్ల కిందట, భయం మొదలైంది ఏడాది కిందట.

డబ్బు పెరిగితే సంతోషం పెరగదా అంటే, దీని మీద పరిశోధకులు చాన్నాళ్లు వాదించుకున్నారు. ఆదాయం ఒక స్థాయి దాటాక రోజువారీ సంతోషం పెరగడం ఆగిపోతుందని 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అన్నారు. అలా ఏమీ ఆగదని 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అన్నారు. చివరికి కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి అవే లెక్కలు మళ్లీ చూసి 2023లో ఒక మాట మీదికొచ్చారు. చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే ఉంది. అందరికంటే దిగులుగా ఉన్న సుమారు 20 శాతం మందికి మాత్రం ఒక స్థాయి తర్వాత ఆగిపోతోంది. అంటే ఆ స్థాయి దాటాక మిగిలే దిగులు డబ్బుతో తీరే రకం కాదన్నమాట. మీది ఆ కోవలోదే అనిపిస్తోంది.

ఇక జబ్బా కాదా అన్న సంగతి. ఆరు నెలలకు పైగా, దాదాపు రోజూ, అదుపు చేసుకోలేనంత ఆందోళన ఉండి, దాంతో పాటు స్థిమితం లేకపోవడం, త్వరగా అలసిపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం, చిరాకు, కండరాలు బిగుసుకుపోవడం, నిద్ర చెడటం – ఈ ఆరింటిలో కనీసం మూడు కనిపిస్తూ, రోజువారీ జీవితం దెబ్బతింటుంటే జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ (జీఏడీ) ఉందేమోనని ఆలోచిస్తాం. మీ ఉత్తరంలోనే మూడున్నాయి. అయితే ఆ జబ్బులో ఆందోళన ఒక్క విషయంతో ఆగదు. పిల్లల ఆరోగ్యం, ఆఫీసు పని, ప్రయాణాలు, ఇలా దేన్ని తలుచుకున్నా గుబులుగా ఉంటుంది. మీకు డబ్బొక్కటేనా, మిగతావీ ఉన్నాయా? అది మీరు రాయలేదు. జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది. 21కి 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్‌ని కలవడం మంచిది. ఆ అంకె చూసి జబ్బు ఖాయమని మాత్రం అనుకోకండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. ఆ గ్రంథి అతిగా పనిచేసినా నిద్ర తగ్గి, గుండె దడ, చిరాకు వస్తాయి. నెలల తరబడి మనసును తవ్వుకుని, చివరికి థైరాయిడ్ అని తేలినవాళ్లను చూశాను.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ రాత్రి రెండు గంటల ఫోన్. తాళం వేశామో లేదో అని పదేపదే వెళ్లి చూసేవాళ్లు తెలుసు కదా, ఇదీ ఆ దారిలోదే. భయం వేస్తుంది, చూస్తారు, పది నిమిషాలు ఊరట. ఆ ఊరటే అసలు చిక్కు. ‘చూశాను కాబట్టే గండం గడిచింది’ అని మెదడు నేర్చుకుంటుంది. మర్నాడు అదే వేళకు మళ్లీ లేపుతుంది. పైగా మీరు చూస్తున్నది ఫండ్స్ విలువ. అది పడుతూ లేస్తూ ఉంటుంది. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం కలిగించే బాధ దాదాపు రెట్టింపని కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీల పరిశోధనలు చెబుతాయి. మార్కెట్ మొత్తం మీద పెరిగిన ఏడాదిలో కూడా దాదాపు సగం రోజులు నష్టం చూపే ఎరుపే కనిపిస్తుంది. ఏడాదికోసారి చూసేవాళ్లకు లాభంగా కనిపించేదే, రోజూ చూసేవాళ్లకు వందకు పైగా చిన్న చిన్న దెబ్బలవుతుంది. పెట్టుబడి అదే, బాధ మాత్రం మీకు ఎక్కువ.

భయంలో కొంత న్యాయం ఉందని కూడా ఒప్పుకోవాలి. పెద్ద జీతం పోతే అలాంటిది మళ్లీ దొరకడానికి ఎక్కువ కాలం పట్టొచ్చు. ఖర్చులు కూడా జీతాల వెంటే పెరుగుతాయి. అందుకే ఒక లెక్క మాత్రం వేయండి. ఇద్దరి జీతాలూ ఆగిపోతే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? పగటిపూట, కాగితం మీద, మీవారితో కలిసి ఒక్కసారి వేసి, తేదీ రాసి దాచండి. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటారు. మీకు అంతకంటే ఎక్కువే ఉంటుందని నా ఊహ. నేను డబ్బు సలహాలిచ్చేవాణ్ని కాదు కాబట్టి ఆ భాగం ఇంతటితో వదిలేస్తాను. రాత్రి మెలకువ వచ్చి ఆ లెక్క మళ్లీ వేయాలనిపిస్తే మాత్రం, అది అంకెల అవసరం కాదని, ఆందోళన పిలుస్తోందని గుర్తుపట్టండి.

మీవారి సంగతికి వస్తాను. ఆయనకు పట్టింపు లేదని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు అలా అనిపించలేదు. భయపడి మీరు లెక్కలు చూస్తారు, భయపడి ఆయన చూడరు. పొదుపరులు, ఖర్చుదారులు ఒకరికొకరు నచ్చి పెళ్లి చేసుకోవడం మామూలు కంటే ఎక్కువని, ఆ తర్వాత డబ్బు గొడవలూ వాళ్లలోనే ఎక్కువని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. తనలో తనకు నచ్చనిది ఎదుటివారిలో లేకపోవడం మొదట్లో ముచ్చటగా ఉంటుంది మరి! తర్వాత మీరు బిగించేకొద్దీ ఆయన తప్పించుకుంటారు, ఆయన తప్పించుకునేకొద్దీ మీరు బిగిస్తారు. కెమెరా దాచడం తప్పే. కానీ చెప్పి ఉంటే మీరు ఏమనేవారు? ఈ ప్రశ్న ఆయన్ని కాపాడటానికి అడగడం లేదు, దాచాల్సినంత బెరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో మీకు తెలియాలని అడుగుతున్నాను. ఇద్దరికీ చెరికొంత, ఎవరూ ఎవరినీ లెక్క అడగని డబ్బు నెలనెలా విడిగా పెట్టుకుంటే ఇలాంటివి చాలావరకు ఆగుతాయి.

ఆయనతో మాట్లాడేటప్పుడు అంకెలతో మొదలుపెట్టకండి. చిన్నప్పుడు వాళ్లింట్లో డబ్బు గురించి ఏం మాట్లాడుకునేవారో అడగండి, మీ ఇంటి సంగతీ చెప్పండి. మనస్తత్వ నిపుణుడు బ్రాడ్ క్లాంట్జ్, ఆయన సహచరులు 2011లో డబ్బు గురించి చిన్నతనం నుంచి నాటుకుపోయే నమ్మకాలను నాలుగు రకాలుగా విడదీశారు. డబ్బంటేనే చెడ్డదనుకోవడం, డబ్బుంటే అన్నీ తీరుతాయనుకోవడం, ఆస్తిని బట్టే మనిషి విలువనుకోవడం, డబ్బు విషయంలో ఎప్పుడూ జాగ్రత్తగా కాపలా కాయడం. మీది నాలుగోది కావచ్చు. దానివల్లే అప్పు తీరి ఉంటుంది కూడా. అందుకే దాన్ని పూర్తిగా వదిలేయమని చెప్పను. కాపలాకు డ్యూటీ వేళలు పెడదామంటున్నానంతే.

ఎలాగంటే, ఫోన్ పడకగదిలో వద్దు, అలారానికి గడియారం పెట్టుకోండి. ఫండ్స్ విలువ నెలకోసారి, ఇద్దరూ కూర్చుని చూడండి. రోజూ సాయంత్రం ఒకే వేళకు, ఒకే చోట అరగంట కూర్చుని మనసులోని భయాలన్నీ రాయండి. మిగతా వేళల్లో భయం వస్తే ‘సాయంత్రం చూద్దాం’ అని వాయిదా వేయండి. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో ప్రచురించిన పద్ధతి ఇది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉన్నా పనిచేస్తుంది. రాత్రి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోండి. ‘మనకేం కాదు కదా’ అని మీవారిని పదేపదే అడిగే అలవాటుంటే అదీ మానాలి. అదీ ఫోన్ చూడటం లాంటిదే. మొదటి వారం ఆందోళన పెరుగుతుంది. అప్పుడే చాలామంది మానేస్తారు, మీరు మానకండి.

నెలైనా తేడా లేకపోతే, లేదా జీఏడీ-7లో 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఆలోచనల, అలవాట్ల తీరు మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ సాధారణంగా వారానికొకసారి చొప్పున మూడు, నాలుగు నెలలు సాగుతుంది. అవసరమైతే ఆందోళన తగ్గించే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఇస్తారు. వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో ఆందోళన కాస్త పెరిగినట్టు ఉండొచ్చు, డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు. ఎవరో ఇచ్చారని అల్ప్రజోలం లాంటి మత్తు మాత్రలు మాత్రం వేసుకోకండి, కొద్ది వారాల్లోనే అలవాటుగా మారొచ్చు. బతకాలనిపించకపోయినా, నిద్ర కోసం మద్యం మొదలైనా నెల ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

వెళ్లేటప్పుడు రెండు వారాల నిద్ర వేళలు, రాత్రిళ్లు ఎన్నిసార్లు ఫోన్ చూశారో రాసి పట్టుకెళ్లండి. మీవారిని రమ్మని అడగండి. రానంటే మీరొక్కరే వెళ్లండి, ఆయన కోసం అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి.