వెనక మూత చెప్పే సంగతి

ప్రశ్న: మా తాతగారు బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆర్మీలో చేశారు. 1942లో విశాఖ మీద జపాన్ వాళ్లు బాంబులు వేసిన రోజు ఆయన చేతికున్నదంటూ నాన్నగారు నాకో సైమా వాచీ ఇచ్చారు. నల్ల డయల్. వెనక మూత మీద మూడు డబ్ల్యూలు, ఒక బాణం గుర్తు ఉన్నాయి. షాపులో డయల్‌కి కొత్త రంగు వేసి, కేసు పాలిష్ చేస్తామంటున్నారు. చేయించనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వద్దమ్మా. ఎవరెంత చెప్పినా ఒప్పుకోకండి.

ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్ర. మూడు డబ్ల్యూలంటే 'వాచ్, రిస్ట్, వాటర్‌ప్రూఫ్'. వస్తువు పేరు ముందు, దాని రకం తర్వాత రాయడం వాళ్ల స్టోర్స్ పద్ధతి. 12 కంపెనీలు ఈ రకం వాచీలు చేశాయి. ఒమేగా, లాంజిన్స్, మీ సైమా వాటిలోవే. కానీ ఇవి సైన్యానికి అందింది 1945లో. 1942 ఏప్రిల్ 6న మన హార్బరు మీద బాంబులు పడేనాటికి ఈ వాచీ పుట్టనే లేదు. నాన్నగారు అబద్ధం చెప్పారని కాదు. ఆ రోజు తాతగారి చేతికి ఇంకో వాచీ ఉండి ఉంటుంది, రెండు జ్ఞాపకాలూ కలిసిపోయి ఉంటాయి. ఆయన డిశ్చార్జి కాగితాల కోసం పాత ట్రంకుపెట్టెలు వెతకండి. ఎప్పటిదాకా సర్వీసులో ఉన్నారో తేలితే సగం ముడి విడిపోతుంది.

ముళ్ల మీద గోధుమరంగుకు తిరిగిన పూత ఉంటే అది రేడియం. బళ్లకు అంటించే 'రేడియం' స్టిక్కర్ కాదు, అసలు రేడియమే, అంటే రేడియోధార్మిక పదార్థం. దాంతో కలిపిన జింక్ సల్ఫైడ్ పాడై మెరుపు పోతుంది గానీ, రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. గోకితే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డయల్ మీద చిన్న సున్నాలో టి అక్షరం కనిపిస్తే మాత్రం, రేడియం తీసేసి ట్రిటియం అనే మరో మెరిసే పూత పదార్థంతో బ్రిటిష్ సైన్యం వాళ్లే తర్వాత మార్పించిన డయల్ అన్నమాట. దాన్ని నకిలీ అనుకోకండి.

పూర్ణా మార్కెట్ దగ్గర షాపు పెట్టిన కొత్తలో ఒక రిటైర్డ్ సుబేదారు గారి వాచీకి నేనే ఇలా రంగు వేయించి ఇచ్చాను. ఆయన చాలాసేపు తిప్పితిప్పి చూసి, "ఇది నాది కాదు బాబూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మన ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి ఉండొచ్చు, కాబట్టి శుభ్రం చేయించేదాకా కీ ఇవ్వకండి. అనుభవమున్న మెకానిక్ చేత క్లీనింగ్, ఆయిలింగ్ చేయించండి, అంతే. వెనక మూత మీద నంబర్లుంటాయి, ఫోటో తీసి నాకు పంపండి.