గ్రేట్ కాక్స్‌వెల్ ధాన్యపు కొట్టంలో చూడటానికి ఏముంది?

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్తున్నానని, ఆ జిల్లాలోని గ్రేట్ కాక్స్‌వెల్ అనే ఊళ్లో ఉన్న ఆ ఖాళీ కొట్టం కోసం ఒక పూట కేటాయించవచ్చా అని అడిగారు. తప్పకుండా కేటాయించండి. దగ్గర్లోని స్విండన్ పట్టణంలో ఉన్నప్పుడు మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లేవాణ్ణి.

1203లో ఇంగ్లండ్ రాజు జాన్ ఈ ఊరి పక్కనున్న ఫారింగ్‌డన్ భూములను సిస్టెర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులకు ఇచ్చాడు. మరుసటి ఏడాది వారి మఠం దక్షిణాన ఉన్న బ్యూలీ అనే ఊరికి మారినా ఈ భూములు మఠం సేద్యంలోనే ఉన్నాయి. ఆ పంటను దాచడానికి 1290ల ప్రాంతంలో కట్టినదే ఈ కొట్టం. రైతుల నుంచి చర్చికి వచ్చే పదోవంతు ధాన్యం కోసం కట్టారని చాలామంది చెబుతారు కానీ, ఇక్కడ నిండింది మఠం సొంత పొలాల పంటే.

పొడవు సుమారు 44 మీటర్లు, వెడల్పు 13, ఎత్తు 15. లోపలికి వెళ్లగానే అందరూ తల పైకెత్తుతారు. మీరు మాత్రం ముందు కిందికి చూడండి. రెండు వరుసల్లో ఆరేసి ఓక్ నిట్రాళ్లు, అంటే నిలువు స్తంభాలు, ఉంటాయి. ఒక్కటి కూడా నేలకు తగలదు. దాదాపు రెండు మీటర్ల ఎత్తున్న రాతి దిమ్మెల మీద నిలబడి ఉంటాయి. మన పాత మండువా ఇళ్లలో స్తంభం కింద రాతి పీట వేసినట్టే, నేల చెమ్మ కలపకు ఎక్కకుండా చేసిన ఏర్పాటు ఇది. ఏడు వందల ఏళ్లు దాటినా కలప నిలిచి ఉండటానికి ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం.

ఆ తర్వాత నిట్రాడి తల దగ్గర దూలం, ఏటవాలు ఊతకర్రలు కలిసే చోటు చూడండి. ఒకదాని కొనను మరొకదానిలో తొలిచిన రంధ్రంలో దూర్చి కొయ్య చీలలతో బిగించారు. నిట్రాళ్ల జతకూ జతకూ మధ్య, పక్క గోడల నుంచే వంపు తిరిగిన దుంగలు లేచి కప్పును పట్టుకుంటాయి. అందువల్ల నిట్రాళ్లు తగ్గి, పనలు పేర్చడానికి, బండి తిప్పడానికి చోటు మిగిలింది. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఆలోచనే.

పైన ఉన్నవి రాతి పలకలు. వాటి బరువు తలచుకుంటే కింది వడ్రంగం విలువ తెలుస్తుంది. రెండు చివర్లలో ఉన్న పెద్ద ద్వారాలు 18వ శతాబ్దంలో పెట్టినవి. తొలినాటి బండ్ల దారి పక్క గోడల మధ్యనున్న వాకిళ్లదే.

1956 నుంచి దీన్ని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. లోపల దీపాల వెలుగును నమ్ముకోకుండా ఎండ బాగా ఉన్న రోజున వెళ్లండి. కలప అతుకులు అప్పుడే స్పష్టంగా కనిపిస్తాయి.