మామ్మ కబుర్లు కాగితం మీదకి ఎలా తేవాలి?

అడిగిన ప్రశ్న: "మాది పలాస దగ్గర పల్లెటూరు. మామ్మకి ఎనభై దాటాయి. ఆవిడ చూసిందంతా రాసిపెట్టుకోవాలని ఉంది. అడిగితే 'నాకేటి తెలుసు, సెప్పడానికేటుంది' అంటుంది. చెప్పినా అది ఏ ఏడాదో తేలదు. ఎలా మొదలుపెట్టాలి?"

"నీ చిన్నతనం గురించి చెప్పు" అంటే ఏ మామ్మయినా అదే అంటుంది. కథ అడక్కండి, వస్తువు అడగండి. "అంబలి దేంట్లో తాగీవోరు మామ్మా? చోళ్ళు ఎవులు విసిరీవోరు?" అంటే తిరగలి ఎవరిదో, ఎవరింటికెళ్ళి విసురుకొచ్చేవారో, ఆ ఇంటితో మాటలు ఎందుకు పోయాయో అన్నీ వెనకే వస్తాయి. ఆవిడ మధ్యలో ఆగితే గబుక్కున ఇంకో ప్రశ్న వేయకండి. మనసులో పది లెక్కపెట్టండి. అసలు మాట చాలాసార్లు ఆ తర్వాతే బయటపడుతుంది.

చేతికి పని ఉంటే నోరు తేలిగ్గా ఆడుతుంది. చింతపండు పిక్కలు తీయడం అన్నిటికన్నా మేలు, చప్పుడుండదు. వేరుశనగ కాయలు వలిచారంటే ఒక్కో టప్పు ఫోన్‌లో పిడుగులా పడుతుంది. చాటలో చెరగడమూ అంతే.

ఫోన్‌ని గచ్చు మీద పెడితే కాలు కదిపినా దడదడ వినిపిస్తుంది. తువ్వాలు నాలుగు మడతలు వేసి, దానిమీద ఆవిడకి రెండు జానల దూరంలో పెట్టండి. ఫ్యాన్ ఆపండి, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ముందు అర నిమిషం రికార్డు చేసి విని చూడండి. ఒక విడతకి 20, 25 నిమిషాలు చాలు. అంతకు మించితే ఆవిడ మీకోసం చెప్పడం మొదలుపెడుతుంది, అది పనికిరాదు. గంట మాట రాయడానికి మీకు నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి వారానికి రెండు విడతలకి మించి పెట్టుకోకండి. ఫైలు పేరులో తేదీ, విషయం రాయండి. కాపీ ఇంకో చోట దాచండి.

ఇక ఏడాది సంగతి. ఇక్కడే అందరూ చిక్కుకుంటారు. ముందు పిల్లల పుట్టుకలతో ఒక నిచ్చెన వేయండి. ఆడవాళ్ళు కాలాన్ని కాన్పులతోనే కొలుస్తారు: "మీ బాబు (నాన్న) కడుపులో ఉన్నప్పుడు", "పెద్దగుంట (పెద్ద పిల్ల) నడక నేరిసినప్పుడు". అయితే పిల్లల బడి సర్టిఫికెట్ తేదీని గుడ్డిగా నమ్మొద్దు. జూన్ 1, జూలై 1 అని ఉంటే అది బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు వేసిన తేదీ కావచ్చు. ఆధార్‌లో జనవరి 1 ఉన్నా అదే అనుమానం.

ఆ నిచ్చెనకి ఊరంతటికీ గుర్తుండే మేకులు కొట్టండి. శ్రీకాకుళం విడి జిల్లా అయింది 1950 ఆగస్టు 15న. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. కానీ "బేడ", "అణా" అన్నంత మాత్రాన అది 1957కి ముందని రాసేయకండి, ఆ మాటలు పైసలొచ్చాక కూడా చాలా ఏళ్ళు నోళ్ళలో నలిగాయి. అమెరికా అంతరిక్ష కేంద్రం ఆకాశం నుంచి నెత్తిన పడుతుందని జనం వణికిన స్కైలాబ్ గొడవ 1979 జూలై. అందరూ తలుపులు బిడాయించుకున్న సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. రెండ్రూపాయల బియ్యం 1983. నౌపడా, గుణుపురం మధ్య తిరిగిన చిన్న రైలు 2004లో ఆగింది, 2011లో పెద్ద పట్టాల మీద మళ్ళీ వచ్చింది. వాళ్ళ నాన్న తరం "రంగం" వెళ్ళారంటే రంగూన్ అన్నమాట. నడిచి తిరిగొచ్చారంటే బర్మా మీద జపాన్ దాడి తర్వాత, 1942 ప్రాంతం అనుకోవచ్చు. విశాఖపట్నం మీద బాంబులు పడింది కూడా ఆ ఏప్రిల్‌లోనే.

తుపానులతో మాత్రం జాగ్రత్త. ఆవిడకి అన్నీ "గాలివానే". హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరులోనే, కాబట్టి నెల అడిగి లాభం లేదు. చోటు అడగండి. ఉద్దానంలో, అంటే పలాస వైపు సముద్రతీరం ఊళ్ళలో, కొబ్బరి, జీడితోటలు కూలడం గురించి చెబుతుంటే ముందు తిత్లీని అనుమానించండి. విజయనగరం వైపు చుట్టాల ఇంట్లో చిక్కుకుపోయామంటే హుద్‌హుద్. అయినా తేలకపోతే "అప్పటికి ఎవరి పెళ్ళయింది, ఇంట్లో ఎవరెవరున్నారు" అని నిచ్చెన మీదకి లాగండి. అప్పటికీ తేలకపోతే "1983 తర్వాత, చిన్నాన్న పెళ్ళికి ముందు" అని రాయండి. తప్పుడు ఏడాది కన్నా అదే నయం.

కొలతలు మార్చి రాయకండి. పుస్తకం లెక్కలో కుంచమంటే రెండు అడ్డలు, ఎనిమిది తవ్వలు. ఊళ్ళో కుంచం ఆ లెక్కకే ఉండాలని లేదు. ఇంట్లో పాత తవ్వ ఉంటే బియ్యం పోసి తూచి, ఎన్ని గ్రాములో పక్కన రాసుకోండి. మాటలూ అంతే. చోళ్ళని రాగులు చేసి, బుగతని భూస్వామి చేసి, కంబారిని పనివాడు చేస్తే మామ్మ గొంతు పోయి బడి వాచకం మిగులుతుంది. "ఒగ్గేసినాడు" అంటే అలాగే రాయండి. బయటివాళ్ళకి అర్థం కాదని భయమైతే చివర నాలుగు పదాలకి అర్థాలు ఇవ్వండి, చాలు.

పోయిన బిడ్డల గురించి, భూమి తగాదాల గురించి వస్తుంది. అప్పుడు "ఇది ఆపేయమంటావా?" అని అడిగి, ఆవిడ ఊఁ అంటే నిజంగానే ఆపండి. అలాంటివి వేరే పుస్తకంలో రాయండి. ఆవిడని అడక్కుండా ఏదీ ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒక్క పెదనాన్నకి కోపం వచ్చిందంటే మామ్మ నోరు కట్టేస్తారు.

రాసింది రెండు మూడు పేజీలయ్యాక పైకి చదివి వినిపించండి. ఆ చదివేటప్పుడు కూడా ఫోన్ రికార్డింగ్‌లోనే ఉంచండి. "అలాగ కాదు గుంటా, ఆ రోజు…" అని ఆవిడ మధ్యలో అందుకుంటే మీరు కాగితం పక్కన పెట్టేయండి.