పాత ఇంజిన్‌కు కొత్త బుర్ర

ప్రశ్న: నా దగ్గర ఇరవై ఏళ్ల నాటి హెచ్‌ఓ సైజు (అసలులో 87వ వంతు) బొమ్మ రైలు డీజిల్ ఇంజిన్ మోడల్ ఉంది. మామూలు డీసీ కంట్రోలర్ మీద బాగానే నడుస్తోంది. ఇప్పుడు డీసీసీకి, అంటే పట్టాల గుండా ఇంజిన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతికి, మారుతున్నాను. విప్పి చూస్తే లోపల డీకోడర్ (ఆ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) పెట్టే సాకెట్ లేదు. ఏ డీకోడర్ కొనాలి? ఎలా అమర్చాలి? సోల్డరింగ్ కొద్దిగా వచ్చు.

జవాబు: సోల్డరింగ్ కొద్దిగా వస్తే చాలు. మల్టీమీటర్ ఉందో లేదో మాత్రం మీరు రాయలేదు. లేకపోతే డీకోడర్ కంటే ముందు అది కొనుక్కోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఆ ‘బాగానే నడుస్తోంది’ అన్న మాట తేల్చుకోండి. కంట్రోలర్ నాబ్‌ను వీలైనంత తక్కువలో పెట్టి ఒక రౌండ్ తిప్పండి. ఎక్కడైనా ఆగి, వేలితో నెడితే కదులుతోందంటే అది బాగా నడుస్తున్నట్టు కాదు. గేర్లలో ఎండిపోయిన గ్రీజు, చక్రాలకు పట్టిన నల్ల మడ్డి డీకోడర్ పెడితే పోవు. పైగా డీసీసీలో కరెంటుతో పాటు మీ ఆదేశాలు కూడా ఆ చక్రాల గుండానే లోపలికి వెళ్లాలి. డీసీలో కుంటే ఇంజిన్ డీసీసీలో మరింత కుంటుంది. కాబట్టి మొదటి రోజు పని శుభ్రం చేయడమే.

రెండో పని మల్టీమీటర్‌తో. మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, పట్టాలకు వెళ్లే ఒక తీగలో సిరీస్‌గా కలపండి. ఇంజిన్ బాడీ తీసేసి 12 వోల్టులు ఇచ్చి, మోటారు ఫ్లైవీల్‌ను రెండు వేళ్లతో పట్టి ఆపండి. ఒక్క సెకను చాలు, అంకె చూసుకుని వెంటనే వదిలేయండి. మోటారు ఆగిపోయినప్పుడు లాగే ఈ కరెంటునే స్టాల్ కరెంట్ అంటారు. హెచ్‌ఓ డీకోడర్లు మామూలుగా ఏకధాటిగా 1 ఆంపియర్, క్షణకాలం 2 ఆంపియర్లు తట్టుకుంటాయి. మీ అంకె 1 ఆంపియర్ లోపు ఉంటే ఏ మంచి హెచ్‌ఓ డీకోడరైనా సరిపోతుంది. ఒకటిన్నర దాటితే డీకోడర్ జోలికి పోకుండా ముందు మోటారు సంగతి చూడండి. పాత మోటార్లలో అయస్కాంతం బలహీనపడితే కరెంటు ఎక్కువ లాగుతాయి. అలాంటి మోటారుకు పెద్ద డీకోడర్ వెతకడం కంటే మోటారు మార్చుకోవడం నయం.

కొనేటప్పుడు నేను చూసేవి మూడే: ఈ కరెంటు అంకె, బాడీలో ఉన్న జాగా, బ్యాక్ ఈఎంఎఫ్ సదుపాయం. ఆ మూడోది ఉంటే డీకోడర్ మోటారు నిజంగా ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెట్టుకుంటూ ఎత్తు ఎక్కినా దిగినా నిదానంగా నడిపిస్తుంది. ఇరవై ఎనిమిది రకాల లైటు ఎఫెక్టులు మీ ఇంజిన్‌కు అక్కర్లేదు, దానికి ఉన్నవి రెండే దీపాలు. సౌండ్ డీకోడర్ కావాలంటే స్పీకర్‌కు కూడా చోటు కావాలి. మొదటి ప్రయత్నానికి వద్దనే అంటాను.

ఇక అసలు విషయం. డీసీలో పట్టాల మీద వోల్టేజీ పెరిగితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్ తారుమారైతే దిశ మారుతుంది. డీసీసీలో అలా కాదు. పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, అదీ అటూ ఇటూ తిరగబడుతూ. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే ‘1’, 100 లేదా అంతకు పైన ఉంటే ‘0’. డీకోడర్ వాటిని చదువుకుని, మోటారుకు కావలసింది తానే పంపిస్తుంది. కాబట్టి మోటారు రెండు కొనలూ డీకోడర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. పాత ఇంజిన్లలో చిక్కంతా ఇక్కడే. చాలా వాటిలో మోటారు కింది బ్రష్ (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్క) నేరుగా లోహపు ఛాసిస్‌కు తగులుతుంది, ఛాసిస్ ఒక వైపు చక్రాలకు తగులుతుంది. డీసీకి అది చవకైన, తెలివైన పద్ధతి. డీసీసీకి పట్టాల పూర్తి బలం వెనక దారిన డీకోడర్ అవుట్‌పుట్‌లోకి దూరే మార్గం.

నా మొదటి డీకోడర్ అలాగే పోయింది. కొలవకుండా కాదు, కొలిచాను! మోటారును బల్ల మీద పెట్టి, కింది బ్రష్‌కు ప్లాస్టిక్ ముక్క అడ్డం వేసి, మీటర్‌తో చూస్తే అంతా శుభ్రం. తర్వాత మోటారును ఛాసిస్‌లో కూర్చోబెట్టి స్క్రూ బిగించాను. ఆ స్క్రూ బిగుసుకుంటూ బ్రష్ రేకును ఒక వెంట్రుకవాసి కిందికి నొక్కింది. మళ్లీ కొలవలేదు. పట్టాల మీద పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు చిన్న టిక్కుమన్న చప్పుడు, ఆ తర్వాత ఆ వాసన. ఒకసారి పీలిస్తే మర్చిపోరు. అందుకే చెబుతున్నాను: అన్ని స్క్రూలూ బిగించాక, డీకోడర్ తీగలు కలపకముందు, మోటారు ఒక్కో కొనకూ ఎడమ చక్రాలకూ, కుడి చక్రాలకూ, ఛాసిస్‌కూ మధ్య మీటర్ పెట్టి చూడండి. ఆరు కొలతలు. ఒక్కదాంట్లో బీప్ వచ్చినా ఆగిపోండి.

తీగల రంగులు అన్ని కంపెనీలకూ ఒకటే, ఎన్ఎంఆర్ఏ (అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం) ప్రమాణం పుణ్యమా అని. ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా. కుడి అంటే ఇంజిన్ ముందుకు చూస్తున్నప్పుడు దాని కుడి, మీ కుడి కాదు. నారింజ రంగు, ఇంతకుముందు కుడి పట్టాకు కలిసి ఉన్న మోటారు కొనకు వెళ్లాలి, బూడిద రంగు రెండో కొనకు. నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి ప్లస్, తెలుపు ముందు దీపం, పసుపు వెనక దీపం. ఎల్ఈడీ పెడితే దాని పొడుగు కాలు నీలానికి, పొట్టి కాలు 1,000 ఓమ్‌ల రెసిస్టర్ గుండా తెలుపుకో పసుపుకో. రెసిస్టర్ మర్చిపోతే ఎల్ఈడీ ఒక్కసారే వెలుగుతుంది. ఆకుపచ్చ, ఊదా తీగలు వాడకపోతే వాటి కొనలకు విడివిడిగా ఇన్సులేషన్ వేసి మడిచిపెట్టండి. పీకి పారేయకండి, ఎప్పుడైనా క్యాబ్‌లో దీపం పెట్టాలనిపిస్తే పనికొస్తాయి.

డీకోడర్ కింద ఛాసిస్‌కు కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే ఇన్సులేషన్ టేపు) వేసి, రెండు వైపులా అంటుకునే ఫోమ్ మీద కూర్చోబెట్టండి. డీకోడర్ చుట్టూ నల్ల టేపు బిగించి చుట్టకండి. వేడి లోపలే మగ్గుతుంది, టేపు జిగురు కరిగి అసహ్యంగా తయారవుతుంది.

మొదటిసారి మెయిన్ ట్రాక్ మీద పెట్టకుండా, డీకోడర్ సెట్టింగులు రాసే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టండి. అక్కడ కరెంటుకు పరిమితి ఉంటుంది కాబట్టి, తప్పు జరిగినా డీకోడర్ బతికి బయటపడే అవకాశం ఎక్కువ. డీకోడర్ సెట్టింగులను సీవీలంటారు. ఇంజిన్‌ను పిలిచే నంబరు, అంటే అడ్రస్, ఉండేది సీవీ1లో. దాన్ని చదవమని అడగండి, కొత్త డీకోడర్ అయితే 3 అని రావాలి. అప్పుడు ఇంజిన్ రవ్వంత ఉలిక్కిపడుతుంది, కంగారు పడకండి. డీకోడర్ జవాబు చెప్పే తీరే అది, మోటారుకు క్షణం కరెంటు పంపి ‘అవును’ అంటుంది. అందుకే మోటారు తీగ ఊడిపోయి ఉంటే జవాబు రాదు.

ప్రశ్న: ఎనిమిది పిన్నుల సాకెట్ ఉన్న ఇంజిన్‌లో డీకోడర్ పెట్టాను. నడుస్తోంది కానీ వెనక్కి నడుస్తోంది. దీపాలు వెలగడం లేదు. డీకోడర్ కాలిపోయిందా?

జవాబు: లేదు, ప్లగ్ తిప్పి పెట్టారు. తీసి అటుది ఇటు చేసి పెట్టండి. ఆ సాకెట్‌లో పిన్నుల వరస తిరగబడితే ఎరుపు, నలుపు ఒకదాని చోటికి ఒకటి వెళ్తాయి, మోటారు తీగలూ అంతే. దీపాల ఉమ్మడి తీగ మాత్రం ఆకుపచ్చ చోటికి పోతుంది కాబట్టి చీకటి. తలకిందులుగా పెట్టినా ఏదీ కాలకుండా ఆ వరస వేసినవాళ్లకు దండం పెట్టాలి. నారింజ రంగు తీగ ఒకటో పిన్నుకు రావాలి. సాకెట్ బోర్డు మీద ఆ మూలన చిన్న 1 అంకె గానీ గుర్తు గానీ ఉంటుంది చూడండి.

ప్రశ్న: డీకోడర్ పెట్టాక రెండు సమస్యలు. నిదానంగా నడిపితే కుదుపులు. అప్పుడప్పుడూ నేనేమీ నొక్కకుండానే ఫుల్ స్పీడ్‌లో దూసుకుపోతోంది. టెన్షన్‌తో చెయ్యి స్టాప్ బటన్ మీదే ఉంటోంది.

జవాబు: కుదుపులకు ముందు మోటారు కొనల దగ్గర చూడండి. చిన్న బిళ్లలాంటి కెపాసిటర్ కనిపిస్తోందా? రేడియో, టీవీలకు గరగర రాకుండా డీసీ కాలంలో పెట్టినది. డీకోడర్ మోటారుకు పంపే వేగమైన పల్సులను అది మింగేస్తుంది, బ్యాక్ ఈఎంఎఫ్ లెక్క తప్పుతుంది. కత్తిరించేయండి. దానికీ తగ్గకపోతే చక్రాలు తుడిచి, ఆ తర్వాతే సీవీల జోలికి వెళ్లండి.

దూసుకుపోవడానికి కారణం వేరు. చాలా డీకోడర్లు డీసీ మీద కూడా నడిచేలా సెట్ అయి వస్తాయి. సిగ్నల్ ఒక్క క్షణం తెగి తిరిగి వచ్చినప్పుడు డీకోడర్ తికమకపడి, తాను డీసీ ట్రాక్ మీద ఉన్నాననుకుంటుంది. పట్టాల మీద పూర్తి వోల్టేజీ కనబడితే ఇంకేం, పరుగే. సీవీ29 చదవండి. అందులో ఆ డీసీ అనుమతి విలువ 4. మీకు 6 వస్తే 2 రాయండి, పొడుగు అడ్రస్ వాడుతూ 38 వస్తే 34 రాయండి. మీరు డీసీ ట్రాక్ మీద దాన్ని ఇక నడపరుగా, ఆ అనుమతితో పనేముంది?

ప్రశ్న: నా దగ్గర పదకొండు అనలాగ్ (డీసీ) ఇంజిన్లు ఉన్నాయి. అన్నిటికీ డీకోడర్లు పెట్టాలా? పెట్టకుండానే డీసీసీలో నడపొచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీ మిత్రుడు చెప్పేది సున్నా అడ్రస్ గురించి. కొన్ని సిస్టమ్‌లు ‘0’ పల్సులో ఒక సగాన్ని సాగదీసి డీకోడర్ లేని ఇంజిన్‌ను నడుపుతాయి. నిలబడి ఉన్నా మోటారు గుయ్యిమంటూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది. కోర్‌లెస్ మోటారైతే (లోపల ఇనుప కోర్ లేని రకం) త్వరగా కాలిపోతుంది. నేను ఏ ఇంజిన్‌నూ అలా నడపను, నడపమని ఎవరికీ చెప్పను.

పదకొండింటిలో మీరు నిజంగా నడిపేవి ఎన్ని? వాటికి పెట్టండి. లోహపు ఛాసిస్ రెండు ముక్కల మధ్య మోటారు ఇరికించి ఉండే పాత ఎన్ స్కేల్ (హెచ్‌ఓ కంటే చిన్న సైజు) ఇంజిన్లకు ఛాసిస్‌నే ఆకురాయితో అరగదీసి చోటు చెయ్యాలి. ఓపిక ఉంటే సరదాగానే ఉంటుంది, నాకు లేదు. అలాంటిదొకటి నా దగ్గర ఉంది. దానికోసం కిటికీ పక్కన చిన్న గుండ్రటి డీసీ ట్రాక్ అలాగే ఉంచాను. డీసీసీ పట్టాలతో దాన్ని ఎక్కడా కలపలేదు. రెండింటి అతుకు మీదికి ఇంజిన్ ఎక్కితే ఆ చక్రాల గుండా రెండు కరెంటులూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.